సగమే చదివిన చీటీ

ఆ నవలని మా కాలేజీ లైబ్రరీలో మొదట చదివింది నేనే. కొత్తగా వచ్చిన పుస్తకాలకి నంబర్లు వేసి, ముద్ర కొట్టి, అట్టలు వేసేది నేనే కాబట్టి ఆ మాత్రం దొంగతనం నాకు చెల్లుతుంది. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి రోజూ పొద్దున్న పాసింజర్‌లో వెళ్తాను. భీమడోలులో ద్వారకా తిరుమల వెళ్ళేవాళ్ళు దిగితే గానీ సీటు దొరకదు. అక్కణ్ణించి ఏలూరు దాకా నాకు మిగిలేది ఇరవై నిమిషాలు. పుస్తకానికి పాత క్యాలెండర్ కాగితం చుట్టి చదువుతాను. ఏం చదువుతున్నానో పక్కవాళ్ళకి తెలిస్తే నా డైరీ ఎవరో తెరిచినట్టుంటుంది నాకు.

ఎక్కడో చలి దేశంలో జరిగే కథ అది. తెలుగులోకి ఎవరో తెచ్చారు. పదహారేళ్ళ అమ్మాయి, వాళ్ళ తాతయ్య ఐస్ అమ్మిన పాత వ్యాను. తాతయ్య పోయాక ఆయన పెట్టెలో ఒక పోస్టుకార్డు దొరుకుతుంది. దాని మీద ఒక చిరునామా తప్ప ఇంకేమీ ఉండదు. ఆ అమ్మాయి, స్నేహితురాలు, ఒంటికన్ను బాతు, ముగ్గురూ ఇంట్లో చెప్పకుండా వ్యానెక్కి ఆ చిరునామా వెతుక్కుంటూ పోతారు. వెళ్తున్నామని రాసిన ఉత్తరాన్ని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె మీద పెడతారు. ఆ వ్యాను హారన్ కొడితే జోలపాట వస్తుంది. ఆగిన ప్రతి ఊళ్ళోనూ ముక్కూమొహం తెలియని మనిషిని పట్టుకుని ఒకటే ప్రశ్న అడుగుతారు, మీరు పారేసుకుని మళ్ళీ వెతకని వస్తువేంటి అని. తీరా వెళ్తే ఆ చిరునామాలో ఇల్లుండదు, కార్లు కడిగే షెడ్డుంటుంది. తిరిగొస్తారు. అమ్మానాన్నలు గేటు దగ్గర నిలబడి ఉంటారు. ఎవరూ ఏమీ అనరు. బాతుకి నీళ్ళు పెడతారు.

మాది ఆడపిల్లల జూనియర్ కాలేజీ. ఆ పుస్తకాన్ని రెండు నెలల్లో ఇరవై ఏడు మంది తీసుకెళ్ళారు. నేను రెండుసార్లు దారంతో కుట్టాను. పరీక్షల గైడ్లు తప్ప మా లైబ్రరీలో ఏ పుస్తకమూ అంతగా నలగలేదు. బల్ల వెనక కూర్చుని పైకి ఏమీ అనకపోయినా లోపల నాకు గొప్పగా ఉండేది.

తర్వాత ఒక తండ్రి వచ్చాడు. చేపల మేత వ్యాపారం ఆయనది. మనిషి మర్యాదస్తుడే. పుస్తకాన్ని ప్రిన్సిపల్ మేడం బల్ల మీద పెట్టి, దానికి తన చెయ్యి తగలకుండా కాస్త దూరంగా కూర్చున్నాడు.

"ఏవండీ, మేం ఫీజు కట్టేది పిల్ల చదువుకోవడానికాండీ, వ్యానెక్కి ఊళ్ళు తిరగడానికాండీ?"

"మీరు చదివారాండీ?" అన్నారు మేడం.

"అట్ట చూశానండీ. వ్యాను మీద ఇద్దరాడపిల్లలు కూర్చుని ఉన్నారు. లోపల బాతు. ఇంక చదివేదేముందండీ?"

మేడం నా వైపు చూశారు. "నువ్వేమంటావమ్మా?"

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. అభిప్రాయం లేక కాదు. ఆ రోజు డైరీలో దాని మీద నాలుగు పేజీలున్నాయి. నోట్లోకి మాత్రం ఒక్క ముక్క రాలేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను. ఇక మేడమే తేల్చేశారు. "చదివిన పిల్లలందరిచేతా అభిప్రాయం రాయించు. పేర్లొద్దు. శనివారం స్టాఫ్ మీటింగ్‌లో చదివి వినిపించు. ఈయన కూడా వస్తారు. అప్పుడు ఉంచాలో తీసెయ్యాలో చూద్దాం."

ఒక పుస్తకం కోసం నేను పోట్లాడాల్సి రావడం అదే మొదలు. పోట్లాట కాగితం మీదే కాబట్టి ఒప్పుకున్నాను.

ఇరవై ఏడు మందినీ ఇంటర్వెల్లో పిలిచి చెప్పాను. పేరు రాయక్కర్లేదు. చేతిరాతని బట్టి కూడా ఎవరూ పోల్చుకోకుండా అన్నీ నేనే నా చేత్తో ఒక తెల్లకాగితం మీదకి ఎక్కిస్తాను, మీరు రాసిన చీటీలు ఎవరికీ చూపించను. నా మాట మీద వాళ్ళకి నమ్మకం కుదిరింది. బల్ల మీద ఖాళీ బిస్కెట్ల డబ్బా పెట్టాను. రెండు రోజుల్లో నిండింది.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి ఎక్కించడం మొదలుపెట్టాను. నా రాత గుండ్రంగా బాగుంటుంది. ఇంట్లో పెళ్ళి శుభలేఖల మీద పేర్ల నుంచి కొట్లో ధరల బోర్డు దాకా నాకే అప్పగిస్తారు. మాది పప్పుల కొట్టు. చిన్నప్పట్నుంచీ చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళేరడం నా పని. చీటీలు ముందు పోసుకునేసరికి చేతికి అదే అలవాటు వచ్చింది. ఒకమ్మాయి రాసిన దాంట్లో ఒక మోటు మాట ఉంటే తీసేశాను. ఇంకొకమ్మాయి ఒకే మాట నాలుగుసార్లు రాస్తే ఒకసారే ఎక్కించాను. ఆ మాత్రం శుభ్రం చెయ్యడం మంచిదే అనుకున్నాను.

ఒక చీటీ మిగతా వాటిలా లేదు. రూళ్ళ కాగితం, రెండు వైపులా చిన్న అక్షరాలు. "ఈ నవల నాకు నచ్చింది. దారి గురించి బాగా రాశారు" అని మొదలైంది. అక్కణ్ణించి నవల లేదు. కొల్లేటి లంకలో వాళ్ళ ఊరు, వర్షాలకి రోడ్డు మునిగిన రోజులు, ఏ రోజు నీళ్ళు ఎందాకా వచ్చాయో, బస్సు ఎక్కడ ఆగిపోయిందో. తర్వాత హాజరు. హాజరు తగ్గితే పబ్లిక్ పరీక్షకి హాల్ టికెట్ రాదు. తగ్గినవాళ్ళలో కారణం ఉన్నవాళ్ళ పేర్లని ప్రిన్సిపల్ సిఫార్సు చేసి ఇంటర్ బోర్డుకి పంపిస్తారు. ఆ జాబితాలో తన పేరు పెట్టమని అడుగుతోంది ఆ పిల్ల. పేరు రాయలేదు. కానీ ఊరి పేరు రాసింది. ఆ ఊరి నుంచి మా కాలేజీకి వచ్చేది ఒక్కతే.

ఇది పుస్తకం మీద అభిప్రాయం కాదు, ఆఫీసులో చెప్పుకోవాల్సిన సంగతి అనుకున్నాను. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం అది. దాని వెనక ఇంకోటుంది. మేత వ్యాపారం ఆయన ఎదురుగా కూర్చుని ఉంటాడు. ఈ చీటీ చదివితే, చూశారా ఈ పుస్తకాలు చదివి పిల్లలు కాలేజీనే ప్రశ్నిస్తున్నారు అంటాడేమో. నా పుస్తకం పోతుందేమో. మొదటి రెండు వాక్యాలూ ఎక్కించి తర్వాతి చీటీ తీశాను.

శనివారం పొద్దున్న తలస్నానాలకి అమ్మ పెరట్లో నీళ్ళపొయ్యి రాజేస్తోంది. పిల్లలకి మాటిచ్చాను కదా అని డబ్బా తీసుకెళ్ళి చీటీలన్నీ పొయ్యిలో వేశాను.

"ఏంటే అవి?" అంది అమ్మ.

"పనైపోయిన కాగితాలమ్మా."

మీటింగ్‌లో అందరి ముందూ లేచి నిలబడటమే నాకు కష్టం. కానీ నేను మాట్లాడక్కర్లేదు, ఇంకొకళ్ళ మాటలు చదవాలి. అది నాకు చేతనవును.

"బాతు పాత్ర చాలా బాగుంది. మనుషులు కూడా పర్వాలేదు."

లెక్చరర్లు నవ్వారు. నాకు ధైర్యం వచ్చింది.

"మూడు వందల పేజీల్లో వాళ్ళు ఒక్కసారి కూడా అన్నం తినలేదు. చదువుతుంటే నాకు నీరసం వచ్చింది."

"ఇది అబద్ధపు కథ. ఇద్దరాడపిల్లలు అంత దూరం వెళ్తే దారిలో ఒక్కడు కూడా వెంటపడలేదు. మా వీధి చివరి నుంచి కాలేజీకి వచ్చేలోపే ముగ్గురుంటారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మా నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఆటో నడుపుతారు. అంతా విని ఆ వ్యానుకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందా అన్నారు."

"ఫ్రిజ్‌లో ఉత్తరం పెట్టే ఆలోచన నచ్చింది. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఉంటే కూడా నేను వెళ్ళను. అమ్మకి షుగరు."

"వాళ్ళడిగిన ప్రశ్నే మా బామ్మని అడిగాను. నువ్వు పారేసుకుని వెతకని వస్తువేంటి బామ్మా అని. నా కళ్ళజోడు నువ్వే ఎక్కడో పెట్టుంటావు, తీసుకురా అంది."

మేత వ్యాపారం ఆయన పెద్దగా నవ్వేశాడు. నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. నేను ఆపకుండా చదువుకుంటూ పోయాను. "ఈ నవల నాకు నచ్చింది. దారి గురించి బాగా రాశారు." అది కూడా చదివాను, అదే గొంతుతో. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోడానికి అందులో ఏమీ మిగల్లేదు.

అయ్యాక ఆయన లేచాడు. "మా పిల్ల దీంట్లో ఏది రాసిందో నాకు తెలియట్లేదండీ. ఏది రాసినా బాగానే రాసిందిలెండి. ఉంచుకోండి." పుస్తకం నిలిచింది. హిస్టరీ మేడం నా భుజం తట్టి, "నీకింత గొంతుందని తెలీదే" అన్నారు. రైల్లో ఇంటికొస్తూ కిటికీలో నా మొహం చూసుకున్నాను. నవ్వుతూ ఉంది.

సోమవారం ఆ తెల్లకాగితాన్ని లైబ్రరీ నోటీసు బోర్డుకి అంటించాను. పిల్లలు గుంపులుగా వచ్చి, ఇది నువ్వే రాశావు, కాదు నువ్వే, అని ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటూ చదివారు. బుధవారం మధ్యాహ్నం లైబ్రరీ ఖాళీగా ఉన్నప్పుడు ఒకమ్మాయి వచ్చింది. సెకండ్ ఇయర్. రోజూ చూసే పిల్లే. పుస్తకం తీసుకుని సంతకం పెట్టి వెళ్ళిపోవడమే తప్ప మాట్లాడగా వినలేదు.

"మేడం, నా చీటీ మీటింగ్‌లో చదివారాండీ?"

"అన్నీ చదివానమ్మా."

"మొత్తం చదివారాండీ?"

నాకు అప్పుడే తెలిసిపోయింది. అయినా, "ఏది నీది?" అన్నాను.

ఆమె నోటీసు బోర్డు దగ్గరికెళ్ళి ఆ రెండు వాక్యాల మీద వేలు పెట్టింది. "ఇక్కడిదాకానే ఉందండీ. ఇక్కణ్ణించే కదండీ నేను రాసింది."

నేను రిజిస్టరు మూసేశాను.

"ప్రిన్సిపల్ మేడం గారు విన్నారు, పిలుస్తారని చూశానండీ. సోమవారం చూశాను, నిన్న చూశాను. ఇవాళ ఆఫీసు బోర్డు మీద జాబితా పెట్టారు. నా పేరు లేదు."

"నువ్వే వెళ్ళి అడగచ్చుగా తల్లీ?" ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

"మూడుసార్లు వెళ్ళానండీ. రూము బయట నిలబడ్డాను. అటెండరు గారు ఏంటమ్మా అంటే ఏం లేదండీ అని వచ్చేశాను. పుస్తకం గురించి రాయమన్నారు కదాని అందులో రాసేశాను. మీరు చదువుతారు కదా అని." బోర్డు మీంచి వేలు తీసింది. "పోనీ ఆ కాగితం ఇచ్చెయ్యండి మేడం. ఎవరిచేతైనా ఇప్పిస్తాను. మళ్ళీ అలా రాయలేను."

కాల్చేశానని చెప్పాను. పొయ్యిలో వేశానని చెప్పాను. ఎందుకో ఆ పొయ్యి సంగతి కూడా పూర్తిగా చెప్పాలనిపించింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "సరేనండీ" అని వెళ్ళిపోయింది. తిడితే బాగుండేదని అందరూ అంటారు గానీ, నిజంగా తిట్టి ఉంటే నేను ఆ రోజు లైబ్రరీ తలుపేసి ఏడ్చేదాన్నే తప్ప ఇంకేమీ చేసేదాన్ని కాదు.

అప్పుడే లేచి ప్రిన్సిపల్ మేడం రూముకి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. రాసుకుని వెళ్దాం, రాసుకోకుండా నేను మాట్లాడలేను అనుకున్నాను. సాయంత్రం రైల్లో నోట్‌బుక్ తెరిచి, ఆమె చీటీలో ఏముందో గుర్తుచేసుకుని రాయడానికి కూర్చున్నాను. నవలలో బాతు ఎన్నో పేజీలో తప్పిపోతుందో చెప్పగలను. ఆ పిల్ల రాసిన రెండు వైపుల కాగితంలోంచి మాత్రం నాకు అయిదారు ముక్కలే వచ్చాయి. తమ్మిలేరు పొంగిందని ఉంది. గుర్రపుడెక్కలో పడవ చిక్కుకుందని ఉంది. తేదీలున్నాయి, ఏవో గుర్తులేదు. నేను దాన్ని చదవలేదు. ఎంతలో అయిపోతుందా అని చూశాను, అంతే.

గురువారం ఆమె రాలేదు. శుక్రవారం వస్తే, ఆదివారం మీ ఊరు రావచ్చా అని అడిగాను. వింతగా చూసి, బస్సు టైము చెప్పింది.

ఆదివారం ఏలూరులో కైకలూరు బస్సెక్కాను. ఊరు దాటాక రెండువైపులా చేపల చెరువులే, మధ్యలో రోడ్డు. ఆ దారిలో నేను ఎప్పుడూ వెళ్ళలేదు. మా ఇంటికి గంటన్నర దూరం కూడా ఉండదు. ఆమె స్టాపు దగ్గర నిలబడి ఉంది. అక్కణ్ణించి గట్టు మీద రెండు కిలోమీటర్లు నడిచాం. ఒక కరెంటు స్తంభం దగ్గర ఆగింది. స్తంభం మీద ఎండిన బురద గీత ఇంకా పోలేదు. చూపించాలని కూడా అనుకోలేదేమో, అలవాటుగా స్తంభానికి ఆనుకుని చెప్పులోంచి రాయి తీసుకుంది. గీత ఆమె నడుము దగ్గరికొచ్చింది.

వాళ్ళ నాన్న చెరువుల మీద చేపల పట్టుబడికి వెళ్తాడు. వల లాగి లాగి అరచేతులు చెక్కలా ఉన్నాయి. అరుగు మీద చాప పరిచాడు.

"పుస్తకాల మేడం గారంటే పెద్దావిడనుకున్నానండీ. మా పిల్లలాగే ఉన్నారు."

వాళ్ళమ్మ లోపల్నుంచి, "చేపలు తినరని చెప్పిందండీ మా అమ్మాయి. పప్పూ, వంకాయీ చేశాను. గిన్నెలు కూడా వేరేవేనండీ, మొహమాటపడకండి" అంది.

నేను ఏం చేశానో వాళ్ళకి కూడా చెప్పాను. తండ్రి విన్నాడు. తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

"బస్సు రానప్పుడు పడవలో దింపేవాణ్ణండీ పెద్దరోడ్డు దాకా. రెండ్రోజులు దింపాను. మూడోరోజు డెక్కలో చిక్కుకుపోయి మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. దీనికి యూనిఫాం అంతా తడిసిపోయింది. ఇంక వద్దమ్మా అన్నాను. చదువు మానెయ్యమని నేనన్లేదండీ ఎప్పుడూ. నీళ్ళు తీసేదాకా ఆగమన్నాను. ఆగినందుకు పరీక్ష ఉండదని మాకు తెలీదు కదండీ."

ఆ పిల్ల గోడకున్న క్యాలెండర్ తీసుకొచ్చి ముందు పెట్టింది. కాలేజీకి వెళ్ళలేని రోజులకి పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఆమె చెప్తుంటే నేను రాశాను. కాసేపటికి నా నోట్‌బుక్‌లోకి తొంగిచూసింది.

"'చాలా ఇబ్బంది పడ్డాను' అని నేనన్లేదండీ."

"మరేమన్నావు?"

"ఏడ్చాను అన్నాను."

కొట్టేసి, ఏడ్చాను అని రాశాను. ఇంకో నాలుగు వాక్యాల తర్వాత మళ్ళీ ఆపింది. "'రోడ్డు సరిగా లేదు' కాదండీ. రోడ్డు లేదు. ఆ పద్దెనిమిది రోజులూ అసలు రోడ్డు లేదు." అప్పటికి నా చేతికి ఎంత అలవాటైపోయిందో తెలిసింది. కళ్ళెదుట కూర్చుని చెప్తున్నా కూడా నేను ఆమె మాటల్ని సర్దుతూనే ఉన్నాను. అక్కణ్ణించి ఆమె ఎలా అంటే అలా రాశాను. చివర్లో నవల గురించి కూడా చెప్పింది. "ఆ కథలో రోడ్డు ఎప్పుడూ ఉంటుందండీ. వాళ్ళు ఎటు వెళ్ళాలా అని ఆలోచిస్తారు గానీ, రోడ్డు ఉంటుందా అని ఎవరూ ఆలోచించరు. చదువుతుంటే దానికే నాకు ఆశ్చర్యమేసింది. అందుకే దారి గురించి బాగా రాశారు అన్నాను." ఇరవై ఏడు అభిప్రాయాల్లో పుస్తకాన్ని అంత దగ్గరగా చదివినది ఇంకోటి లేదు. దాన్నే నేను పుస్తకం గురించి కాదన్నాను.

సోమవారం ప్రిన్సిపల్ మేడం రూములోకి వెళ్ళాను. ఆవిడ కాగితం కోసం చెయ్యి చాపారు.

"నేను చదువుతానండీ" అన్నాను.

మొత్తం చదివాను. గొంతు ఎక్కడా నిలకడగా లేదు. అయినా ఆపలేదు. అయ్యాక ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది ఆ మీటింగ్ రోజు లేదే?"

"ఉందండీ. నేనే తీసేశాను."

"ఎందుకు?"

"పుస్తకం పోతుందేమోనని భయమేసిందండీ." బుధవారం ఆ పిల్ల వచ్చి అడిగిన సంగతీ చెప్పాను.

ఆవిడ హాజరు పట్టీ దగ్గరికి లాక్కున్నారు. "ఆ శనివారం సాయంత్రమే కూర్చుని ఆ జాబితా రాశానమ్మా. మీటింగ్ అయిన గంటకి. హాజరు పట్టీలో ఈ పిల్లకి వరసగా ఆబ్సెంట్లున్నాయి. కారణం ఏమీ రాసిలేదు. ఇంటి దగ్గర పనులేమో అనుకుని దాటేశాను. మంగళవారం పంపేశాం." తిట్టలేదు. "సరే, విడిగా లెటర్ రాస్తాను. ఆ కాగితం కూడా జతచేస్తాను. ఒప్పుకుంటారో లేదో చెప్పలేను." వెళ్ళబోతుంటే పిలిచారు. "పోయిన బుధవారం తెలిసిందన్నావు కదా. ఇవాళ సోమవారం."

"అవునండీ."

"ఎందుకాగావు?"



లెటర్ వెళ్ళింది. మేడం రెండుసార్లు ఫోన్ కూడా చేశారు, ఒకసారి నా ముందే. పరిశీలిస్తాం అన్నారట. ఆ పైన కబురు లేదు. లైబ్రరీ నోటీసు బోర్డుకి అంటించిన తెల్లకాగితాన్ని తీసేసి, ఆ పిల్ల మాటలు పూర్తిగా పెడతానని ఆమెతో అన్నాను. "వద్దండీ, అందరూ చదువుతారు" అంది. అందుకని ఉన్నది తీసేయడం మాత్రం చేశాను. అక్కడ జిగురు మరకలు మిగిలాయి.

హాల్ టికెట్లు వచ్చిన రోజు ఆఫీసు ముందు వరస కట్టారు. ఆమె కూడా నిలబడింది. రాదని అనుకుంటూనే నిలబడింది. తన వంతు వచ్చాక గుమస్తా కట్టంతా రెండుసార్లు తిరగేసి, "లేదమ్మా" అన్నాడు. నేను వరండా ఇటు చివర ఉన్నాను. ఆమె నా వైపు రాలేదు, బస్టాండుకి వెళ్ళిపోయింది.

వారం తర్వాత పుస్తకాలు అప్పజెప్పడానికి వచ్చింది. మూడు పుస్తకాలు, వాటిలో ఆ నవల ఒకటి. మళ్ళీ తీసుకుందని కూడా నేను చూసుకోలేదు.

"రెండోసారి చదివావా?"

"చదివానండీ."

"ఎలా అనిపించింది?"

పుస్తకాన్ని బల్ల మీద నా వైపు తిప్పి పెట్టింది. "గేటు దగ్గర వాళ్ళమ్మానాన్నలు ఏమీ అనకపోవడం మొదటిసారి బాగా నచ్చిందండీ. ఇప్పుడు నచ్చలేదు. ఏదో ఒకటి అనాలి కదండీ."

నేను అన్నాను. క్షమించమని అడిగాను. అంతకుముందు కాగితం కాల్చేశానని చెప్పాను గానీ ఈ మాట అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆమె సంతకం పెట్టాల్సిన గడిలో సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టింది. "మీరొక్కరేనండీ మా ఊరొచ్చి చూసింది" అంది. అది క్షమించడమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. అడగను.

పరీక్షలు అయిపోయాయి. ఆమె క్లాసు పిల్లలంతా ఫలితాలు చూసుకుని ఎక్కడెక్కడో చేరిపోతున్నారు. ఆమె సెకండ్ ఇయర్ మళ్ళీ చదవాలి. ఏడాది పోయింది. ఇందులో వర్షాల వాటా ఉంది, రోడ్డు వాటా ఉంది. నా వాటా నేను కాగితం మీద ఎంత చిన్నదిగా రాయడానికి ప్రయత్నించినా చిన్నది కావడంలేదు. ఈ సంగతి డైరీలో నాలుగైదు విధాలుగా రాశాను. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట నన్ను నేను కాస్త మంచిదాన్ని చేసుకుంటున్నాను. అందుకే ఇప్పుడు ఎవరైనా చదివేలా రాస్తున్నాను.

మొన్న మధ్యాహ్నం ఆ పిల్ల ఫోన్ చేసింది. ఇంకో ఏడాది చదవడానికి వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడట. కాలేజీ తెరవగానే వచ్చి చేరుతుంది. వర్షాల నెలల్లో హాస్టల్లో చోటివ్వమని ప్రిన్సిపల్ మేడంని అడగాలి అంది.

"నేను అడుగుతాను. పొద్దున్నే వెళ్ళి అడుగుతాను" అన్నాను, గబగబా.

"వద్దండీ. నేనే అడుగుతాను." అవతల కోళ్ళ గోల, వాళ్ళమ్మ ఎవరినో పిలుస్తున్న కేక. "మీరు పక్కన నిలబడండి. చాలు."

నిలబడతానన్నాను.